దిమ్మలాటలో ఎడమ వరస

ఇందులో రాసిన ప్రతి అక్షరం నిజం. నా మీద ఒట్టేస్తే మా వీధిలో ఎవరూ నమ్మరు కాబట్టి అనకాపల్లి బెల్లం మీద ఒట్టు.

ఆ రోజు పొద్దున మార్కెట్లో లారీలో బెల్లం దిమ్మలు పేరుస్తున్నాను. నేను కళాసీని. నేను పేర్చిన వరసలో చీమ దూరాలన్నా ఒళ్ళు తగ్గించుకోవాలి. కింద నుంచి దిమ్మలు అందిస్తున్న అప్పారావు బావ అరిచాడు.

"ఏటి బావా! ఎడం పక్కంతా ఒగ్గేసేవు? ఎవులికి రిజర్వేషను?"

"కళ్ళు పోయేయేటి నీకు? నిండుగానే ఉంది కదా!"

నాకు నిండుగానే కనిపించింది. లారీ మాత్రం కుడివైపుకి ఒరిగింది. దిగబోతే ఎడమ కాలు నా మాట వినలేదు.

బావ ఆటోలో వేసుకుని ఆస్పత్రికి పరుగెత్తించాడు. సీటీ స్కాన్, ఆపైన ఎమ్మారై. "స్ట్రోక్. బ్రెయిన్‌లో కుడి పక్క క్లాట్ ఉంది. త్వరగా తెచ్చారు, నయం" అన్నారు డాక్టరుగారు.

కాలు మెల్లగా కోలుకుంది. కానీ ఎడమ పక్క లోకమే లేకుండా పోయింది. కంచంలో కుడి సగం తిని లేచేవాణ్ణి. గుమ్మాలకి భుజం కొట్టుకునేవాణ్ణి.

"లెఫ్ట్ నెగ్లెక్ట్ అంటాం. కన్ను బాగానే ఉంది, బ్రెయినే ఆ పక్కని పట్టించుకోవడం లేదు. ఫిజియోథెరపీ చేయించండి. లోడింగ్ పని మాత్రం మర్చిపోండి" అన్నారు డాక్టరుగారు.

మర్చిపోవడానికి అదేమన్నా ఎక్కాల పుస్తకమా?

మా అమ్మాయి ఫోన్‌లో ఒక ఆట పెట్టి ఇచ్చింది. పైనుంచి ముక్కలు పడతాయి. తిప్పి, జరిపి, కంత లేకుండా వరస నింపితే అది మాయమవుతుంది. నా పనే కదా అని కూర్చున్నాను. కుడి పక్క గోపురం లేచింది, ఎడమ పక్క బోసి. రోజూ అంతే. చివరికి ఫోన్ మంచం మీదకి విసిరేశాను.

మా ఆవిడ నూకరత్నం అద్దానికి అంటించుకున్న స్టిక్కర్ బొట్టొకటి పీకి, ఫోన్ ఎడమ అంచున అంటించింది. "మావా, నా బొట్టు అవుపడేదాకా తల తిప్పు. అంతవరకు ముక్క ఒగ్గకు."

ఫిజియోథెరపీ మేడమ్ చూసి నవ్వింది. "గుడ్. మేమూ ఇలాగే చేయిస్తాం. చూపుకి లంగరన్నమాట, యాంకర్ అంటాం."

ఇక ఆ ఆట జాతినంతా పట్టుకున్నాను. ఒకే రంగువి కలిస్తే పేలేవి, కింద నుంచి వరసలు తోసుకొచ్చేవి, జెల్లీలా జారేవి. ఒకరోజు బొట్టు ఊడిపోయింది, దానితోపాటే ఎడమ పక్కా పోయింది. ఏడుపొచ్చింది. ఇంకొకటి అంటించి మళ్ళీ మొదలెట్టాను.

రివ్యూలో డాక్టరుగారు "లోడింగ్ అంటే రిస్కే" అన్నారు.

"సార్, ఒక్క ఆట ఆడదాం. నెగ్గితే నన్ను మార్కెట్‌కి ఒగ్గీండి."

బొట్టు నేనే పీకేశాను. నర్సులు మూగారు, ఓపీ ఆగింది, డాక్టరుగారికి ఏసీలో చెమటలు పట్టాయి. నెగ్గాను. ఆయన టెస్టులు కూడా చేసి, "తక్కువ బరువుతో మొదలెట్టండి, మాత్రలు ఆపొద్దు" అన్నారు.

ఇప్పుడు లారీలో కింది వరసలు నావే. పై వరసలకీ ఎక్కుతాను, చూస్తూండండి. మీకు చెప్పేదొక్కటే: ఒంట్లో ఒక పక్క తేడాగా ఉంటే, పడుకుంటే సర్దుకుంటుందని ఇంట్లో ఉండిపోకండి. అప్పుడే ఆస్పత్రికి పదండి.

ఇక ఒప్పుకోలు. డాక్టరుగారి మీద నెగ్గానన్నది నా కల్పన. నర్సులు లేరు, చెమటలు లేవు, నేను చిత్తుగా ఓడిపోయాను. కానీ ఆయన స్కోరు చూడలేదు, తెర చూశారు. ఎడమ పక్క ఒక్క కంత లేదు. నేను ఓడింది కుడి పక్కన.