రేడియోలో వాన

పుష్పవల్లి భర్త దేవరాజన్ మలాయ్ మాట్లాడే మీరీ పట్నంలో క్రైస్తవ మిషన్ వాళ్ల చిన్న విమానం నడుపుతాడు. రోజూ పొద్దున్నే తడి జుట్టు ముడేసుకుని ఆమె రేడియో ముందు కూర్చుంటుంది. కొండ ఊళ్ల వాతావరణం అడిగి రాసుకుంటుంది. ఆవేళ ఒక ఊరి పెద్ద, తన కూతురు రెండు రోజులుగా పురిటి నొప్పులు పడుతోందని, ఆకాశం తేటగానే ఉందని చెప్పాడు. ఆమెను ఆసుపత్రికి తేవడానికి దేవరాజన్ టోపీ అందుకున్నాడు.

"ఆగండి. ఆయన ఎనకాల రేకుల మీద వాన సప్పుడు ఇనిపిస్తంది."

"మరా పిల్ల గతేటి?"

"మీరు కొండకి గుద్దుకుంటే ఆ పిల్లకి ఇంకెవులున్నారు?"

పెద్దాయన్ని ఆమె ఒక్క మాటా అనలేదు. "వాన ఆగేదాకా ఇక్కడే ఉంటానయ్యా," అని మలాయ్‌లో చెప్పి, రెండు గంటలు కుర్చీలోంచి కదల్లేదు. వాన వెలిశాకే విమానం లేచింది.

సాయంత్రం ఆసుపత్రి నుంచి దేవరాజన్ ఫోన్ చేశాడు. తల్లీ బిడ్డా క్షేమం.

"అబద్ధమాడినానని ముసిలాయన నీకు సెప్పమన్నాడు."

"నా కూతురైతే నేనూ ఆడుదును," అంది పుష్పవల్లి.