మూడు షిఫ్టుల వీరుడు

ఆ రోజుల్లో దేశం తన తలుపులన్నీ బార్లా తెరిచిందని పేపర్లు రాసేవి. తెరిచిన తలుపుల్లోంచి వచ్చిన గాలి ఊళ్లన్నీ తిరిగి తిరిగి మా చంద్రపూర్ చేరేసరికి కంప్యూటర్ ఇన్‌స్టిట్యూట్ రూపం దాల్చింది. జట్‌పురా గేటు దగ్గర నిలబడి ఒక రాయి విసిరితే అది మూడు ఇన్‌స్టిట్యూట్ల బోర్డులకు తగిలి, నాలుగోదానిలో అడ్మిషన్ తీసుకునేది. అలాంటి ఒకదానిలో, కుట్టుమిషన్ల దుకాణం పై అంతస్తులో, నేను ల్యాబ్ అసిస్టెంటుగా చేరాను. (ఇంట్లో మాత్రం కంప్యూటర్ ఇంజినీరునని చెప్పాను. ఆ మాట కాలనీ చివరికి చేరేసరికి కంప్యూటర్లను కనిపెట్టింది నేనేనని తేలింది. పెద్దల మాట కాదనడం మా ఇంటా వంటా లేదు కాబట్టి ఊరుకున్నాను.) పొద్దున యంత్రాల మీద ముసుగులు తీయడం, సాయంత్రం కప్పడం, మధ్యలో ఎవడూ చెప్పులతో ఏసీ గదిలోకి రాకుండా కాపలా కాయడం, ఇదీ నా ఇంజినీరింగు.

ఆరు నెలల తర్వాత నన్ను ఖాయం చేయాలో వద్దో నాగపూర్ హెడ్డాఫీసు తేలుస్తుంది. ఖాయం కాకపోతే ఏమిటన్నది మా బాపు ముందే తేల్చేశాడు. బాపు పద్మాపూర్ గనిలో పంపు ఖలాసీ. గనిలో నీళ్లు తోడినట్టే ఇంట్లో ఒకే మాటను రోజంతా తోడేవాడు. "ఉంచుకుంటే ఉంచుకున్నరు, లేకుంటే కోర్పనాల మామ దగ్గర పత్తి జోకుదువు. మామకు మాటిచ్చిన." కోర్పనాలో ఆ మామ పత్తి తూచే దుకాణంలో పోగులు గాల్లో ఎగురుతూ ఉండేవి. అక్కడ ఒక్క సీజను పనిచేసిన గుమాస్తా పెళ్లిపీటల మీద మూడు వందల తుమ్ములు తుమ్మాడని, ముహూర్తం దాటిపోయిందని చెప్పుకునేవారు. నాకు కోర్పనా అంటే అందుకే భయం.

ఇక మా కాలనీ సంగతి. బొగ్గు కోసం ఆదిలాబాద్, కరీంనగర్ వైపు నుంచి వచ్చిన కుటుంబాలు మావి. మాట్లాడమంటే తెలుగు ఆగేది కాదు, చదవమంటే కదిలేది కాదు. మేమంతా మరాఠీ బడిలో చదివినవాళ్లం. తెలుగు అక్షరాలు గడగడా చదవగలిగిన మనిషి లైను మొత్తానికి ఒక్కతే. ఆమె సీరియల్ పెద్దమ్మ. బల్లార్షా స్టేషన్లో దొరికే తెలుగు వారపత్రికను ఎవరిచేతనో తెప్పించి, అందులోని జానపద సీరియల్‌ను శుక్రవారం సాయంత్రం తన గడప ముందు కూర్చుని చదివేది. ముప్పై మందిమి నోళ్లు తెరుచుకుని వినేవాళ్లం. అందులో ఒక వీరుడు, ఒక రాకుమారి, ఒక మంత్రి, ఒక మాంత్రికుడు. నాలుగేళ్లు నడిచింది. ఒక శుక్రవారం వీరుడు మాంత్రికుడి బురుజుకు తాడు విసిరి సగం దూరం ఎక్కాడు, కింద 'సశేషం' అని వేశారు. మరుసటి వారం పత్రిక రాలేదు. ఆ తర్వాతి వారమూ రాలేదు. మూతపడిందట. మూడు రోజులు కాలనీలో ఎవరూ అన్నం ముట్టలేదు. (చపాతీలు తిన్నారు.)

"పోరడు తాడు మీదనే ఉండె గదరా. ఎవలు దింపుతరు ఇగ?" అంది పెద్దమ్మ కళ్లు తుడుచుకుంటూ.

ఇరవై రెండేళ్ల వయసులో నోరు మెదడు కంటే ముందు నడుస్తుంది. "నేను దింపుత పెద్దమ్మా, కంప్యూటర్ల" అనేశాను.

మా ఇన్‌స్టిట్యూట్‌లో ఒక పెద్ద పెట్టె, దానికి తగిలించిన నాలుగు తెరలు ఉండేవి. నాలుగు తెరల ముందు నలుగురు కూర్చుని ఒకే కోటలో తిరిగే ఆట తయారుచేయవచ్చని ఒక పాత పుస్తకంలో చదివాను. బొమ్మలేమీ ఉండవు, అంతా మాటలే. 'నువ్వు బురుజు కింద ఉన్నావు, ఎదురుగా తాడు ఉంది' అని తెర చెబుతుంది. 'తాడు ఎక్కు' అని మనం కొడతాం. మనం ఎక్కింది మిగతా ముగ్గురికీ వాళ్ల తెరల మీద తెలుస్తుంది. తెలుగును ఇంగ్లీషు అక్షరాల్లోనే కొట్టాలి, ఆ పెట్టెకు వేరే లిపి రాదు. సాయంత్రాలు కూర్చుని ఐదు నెలల్లో పదిహేడు గదుల కోట కట్టాను. (అప్పట్లో ఏడు వందల గదులని చెప్పాను, ఇప్పుడు వయసు వచ్చింది కాబట్టి తగ్గించాను.) కోట లోపల ఎలా ఉంటుందో నేనెప్పుడూ చూడలేదు కనుక మాంత్రికుడి మందిరానికి గని మేనేజరు బంగళాను వాడుకున్నాను. అందుకే దాని వాకిట్లో తులసికోట, అల్సేషన్ కుక్క ఉండేవి.

ఆదివారం ఇన్‌స్టిట్యూట్‌కు సెలవు, తాళంచెవి నా దగ్గర. తెరలు నాలుగు, అభిమానులు ముప్పై మంది. మొదటి ఆదివారం కుర్చీల కోసం జరిగిన యుద్ధం ముందు ఆ సీరియల్లోని యుద్ధాలు పేరంటాలు. అప్పుడు హాజరీ మామ లేచాడు. గనిలో హాజరు పట్టీ రాసే గుమాస్తా ఆయన. భూమ్మీద మనుషులంతా ఏదో ఒక షిఫ్టులో పుట్టారని నమ్మేవాడు.

"లొల్లి ఎందుకురా. గని నడుస్తలేదా? గట్లనే నడుపుదాం. ఒక్కో పాత్రకు మూడు షిఫ్టులు. దిగేటోడు ఎక్కేటోనికి చార్జి ఇయ్యాలె."

అందరికీ అది ఎంత సహజంగా తోచిందంటే, ఒక మనిషిని ముగ్గురు మనుషులు నడిపితే ఏమవుతుందని ఒక్కరూ అడగలేదు. ఎవరి వంతు, ఎవరు రాలేదు, పాత్రను ఏ గదిలో వదిలారు అన్నది కూడా పెట్టెలోనే ఉండాలని మామ పట్టుబట్టాడు. ఆయన నోరు మూయించడానికి రెండు సాయంత్రాల్లో అదీ రాసి పడేశాను.

ఆ విధంగా మా వీరుడు షిఫ్టుల్లో బతకసాగాడు. ఎనిమిది నుంచి పదకొండు దాకా వాణ్ని కసరత్తు తమ్ముడు నడిపేవాడు. పొద్దున్నే నూరు గుంజీలు తీసే కుర్రాడు కావడంతో వీరుడు తాడు సరసరా ఎక్కేవాడు. పదకొండింటికి భజన బావ వచ్చేవాడు. స్నానం లేకుండా యుద్ధమేమిటని వీరుణ్ని దింపి, కోనేటికి తీసుకెళ్లి, తులసికోట చుట్టూ తిప్పేవాడు. సాయంత్రం షిఫ్టు హాజరీ మామదే. మంత్రి నుంచి రాతపూర్వకంగా అనుమతి రానిదే తాడు ముట్టుకునేవాడు కాదు. మంత్రిగా కూర్చున్నవాడు 'ఎక్కు నాయనా' అని కొడితే, "సంతకం ఏది?" అని అడిగేవాడు. మూడు ఆదివారాలు గడిచినా వీరుడు బురుజు ఎక్కలేదు. మాంత్రికుణ్ని మాత్రం పెద్దమ్మ ఎవరికీ ఇవ్వలేదు, మూడు షిఫ్టులూ తానే. "పాపం, అంత పెద్ద ఇల్లు ఒక్కడే సూసుకుంటుండు" అనేది. ఇంగ్లీషు అక్షరాలు ఆమెకు రావు. నాలుగేళ్లు మాకు చదివిపెట్టిన మనిషికి ఇప్పుడు నేను తెర చదివి వినిపించి, ఆమె చెప్పింది కొట్టేవాణ్ని.

నాలుగో ఆదివారం ఇన్‌స్టిట్యూట్ నడిపే మా సార్ ఏదో మరిచిపోయి ఇన్‌స్టిట్యూట్‌కు వచ్చాడు. మెట్ల మీద ముప్పై జతల చెప్పులు చూసి పైన పెళ్లి జరుగుతోందనుకున్నాడు. "కాయ్ చాల్లయ్ ఇథే?" అన్నాడు గుమ్మంలో నిలబడి. ఇక్కడ ఏం నడుస్తోందని అడిగితే వీరుడు నడుస్తున్నాడని ఎలా చెప్పను? నా పని అయిపోయిందనుకున్నాను. కానీ సార్ తెరలను కాసేపు చూసి గడ్డం గోక్కున్నాడు. వచ్చే ఆదివారమే నాగపూర్ నుంచి పెద్దసార్ తనిఖీకి వస్తున్నాడు. చూపించడానికి మా విద్యార్థులు నేర్చుకున్నది తమ పేరు టైపు చేయడం ఒక్కటే. నలుగురు ఒకేసారి పనిచేసే ప్రోగ్రాం అంటే ఘనంగా ఉంటుంది. "యుద్ధం చూపించు, గెలుపు చూపించు, ఖాయం చేయిస్తాను. గందరగోళమైతే ఆ రోజే నీ ఆఖరి రోజు" అన్నాడు.

ఆ వారమంతా కసరత్తు తమ్ముడికి పాలు తాగించి తర్ఫీదు ఇచ్చాను. పెద్దసార్ పదిన్నరకు వచ్చాడు. తమ్ముడు దుమ్ము లేపాడు. వీరుడు తాడు ఎక్కాడు, కిటికీ దూకాడు, కుక్కను దాటాడు, మాంత్రికుడి ఎదుట నిలబడి కత్తి ఎత్తాడు. ఒక్క వేటు మిగిలింది. పెద్దసార్ కుర్చీ ముందుకు జరుపుకున్నాడు. అప్పుడు గోడ గడియారం పదకొండు కొట్టింది. కసరత్తు తమ్ముడు లేచి నిలబడ్డాడు. రాకుమారి లేచింది. మంత్రి లేచాడు.

"ఒక్క నిమిషం ఆగరా, ఒక్క దెబ్బ కొట్టి పో" అన్నాను.

"నా షిఫ్టు పని నేను జేసిన అన్నా. కత్తి లేపుడు నాది. దించుడు బావది."

భజన బావ విభూతి సర్దుకుని కూర్చున్నాడు. చార్జి తీసుకున్నాడు. కత్తి కింద పెట్టించాడు. మాంత్రికుడికి దండం పెట్టించాడు. నేను తెర చదివి పెద్దమ్మకు చెప్పక తప్పలేదు.

"దండం వెట్టిండా? మంచి పోరడు. తిన్నవా బిడ్డా అని అడుగు" అంది పెద్దమ్మ.

నా కళ్ల ముందు పత్తి పోగులు ఎగిరాయి. ఆమెకు ఇంగ్లీషు అక్షరాలు రావు కదా అని, 'కత్తితో పొడువు' అని కొట్టాను. జీవితంలో అంత నెమ్మదిగా నేను ఏ మోసమూ చేయలేదు. ఎదుటి తెర మీద అది కనబడగానే భజన బావ ఉలిక్కిపడ్డాడు.

"గదేంది పెద్దమ్మా, దండం పెడితే పొడుస్తున్నవు?"

"నేనెప్పుడు పొడిచిన? తిన్నవా అన్న."

ముప్పై తలలు నా వైపు తిరిగాయి. తెలుగు ముక్క రాని పెద్దసార్‌కు కూడా అబద్ధమాడింది ఎవరో అర్థమైపోయింది. సిగ్గుతో ఈసారి పెద్దమ్మ చెప్పిందే కొట్టాను. పెట్టె ఒక క్షణం ఆలోచించి 'ఆ పని ఇక్కడ కుదరదు' అంది. మళ్లీ కొట్టాను, మళ్లీ అదే. ఐదు నెలలు కూర్చుని ఆ కోటలో చావడానికి పదకొండు మార్గాలు పెట్టాను గాని, తినడానికి ఒక్కటి పెట్టలేదు.

సార్ రుమాలు చెమటకు తడిసి ముద్దయింది. పెద్దసార్ మాత్రం నా తెర వైపు చూడటం లేదు. మామ ముందున్న, పెద్ద పెట్టె సొంత తెరను చూస్తున్నాడు. దాని మీద ఎవరు దిగారు, ఎవరు ఎక్కారు, ఎవరు రాలేదు అన్నీ వరసగా ఉన్నాయి. "ఇది ఎవరు రాశారు?" అని హిందీలో అడిగాడు. మామ గర్వంగా నన్ను చూపించాడు. "చుట్టూ ఇన్ని గనులు. ఇది అమ్ముడుపోతుంది. కుర్రాణ్ని ఉంచండి" అన్నాడు పెద్దసార్. "ఆ కోట మాత్రం తీసేయండి, జాగా తింటుంది."

"ఇప్పుడే తీసేస్తాను సార్" అన్నాను. ఆయన 'ఇప్పుడే' అనలేదు. రేపన్నా, వచ్చే నెలన్నా ఎవరూ అడిగేవారు కాదు. కానీ ఖాయమైన ఉద్యోగి చురుగ్గా ఉండాలని నా ఉద్దేశం. అందరూ చూస్తుండగానే పదిహేడు గదులూ చెరిపేశాను. దాచుకున్న ఫ్లాపీలు కూడా తెచ్చి, హాజరు పట్టీ ఎక్కించడానికి ఖాళీ చేశాను.

"ఎటు పోయిండ్రా వాడు?" అంది పెద్దమ్మ నల్లబడిన తెరను చూసి.

"ఆటనే గద పెద్దమ్మా" అన్నాను నవ్వుతూ. ఆమె నవ్వలేదు.

బాపు కోర్పనాకు ఫోన్ చేసి ఇంకొకణ్ని చూసుకొమ్మన్నాడు. నేను కొత్త చొక్కా కుట్టించుకున్నాను. రెండు వారాల తర్వాత తెలిసింది, ఆట ఆగలేదని. పెద్దమ్మ వాకిట్లో నాలుగు చాపలు వేసుకుని, నలుగురు నాలుగు పాత్రలుగా కూర్చుంటున్నారు. వారం వారం నేను చదివింది విని విని పెద్దమ్మకు పదిహేడు గదులూ నోటికి వచ్చాయి. తెర చెప్పాల్సినవన్నీ ఆమే చెబుతోంది. కొత్తగా వంటగది కూడా కట్టిందట. వెళ్లి, నా పేరూ రాయమని హాజరీ మామను అడిగాను. ఆయన రిజిస్టరు తిరగేసి, "షిఫ్టులన్ని నిండినయి బిడ్డా. బద్లీల రాస్త. ఎవడన్న నాగా పెడితే పిలుస్త" అన్నాడు. నేను కట్టిన కోటలో నేను బద్లీ మనిషిని. గనిలో నాగాలు పెట్టే వీరులంతా ఇక్కడ మాత్రం జ్వరంతో కూడా వచ్చి కూర్చునేవారు.

ఏడాది తర్వాత ఎందుకో ఆ రిజిస్టరు నా చేతికి వచ్చింది. చూస్తే ఒక ఆదివారం నా పేరు ఎదురుగా ఎర్ర సిరాతో గీత ఉంది. మామను అడిగాను.

"భజన బావ తిరుపతికి పోయిండు. నిన్ను పిలుద్దామని వస్తే, డ్యూటీల ఉన్నవని మీ బాపు చెప్పిండు. మరి గైరుహాజరు వెయ్యాలె గద" అన్నాడు మామ, అందులో నా తప్పేమీ లేదని ఊరడిస్తున్నట్టు నా భుజం తట్టి.

అప్పటి నుంచి ఎన్ని గనుల హాజరు పట్టీలు తయారుచేశానో లెక్క లేదు. (విదర్భ అంతా నావే అని చెబుతుంటాను, సగం నమ్మండి.) ఉద్యోగంలో నేను ఒక్క రోజు నాగా పెట్టి ఎరుగను. నా పేరు ఎదురుగా పడిన గైరుహాజరు అదొక్కటే. కొత్త చొక్కా వేసుకుని, చురుగ్గా, సెలవైనా ఆ ఆదివారం ఆఫీసులో ఎవరి హాజరో రాస్తూ కూర్చున్న ఆ కుర్రాణ్ని తలుచుకుంటే ఇప్పుడు నవ్వొస్తుంది. గీత కొట్టేయమని మామను అడగలేదు. సరిగ్గానే వేశాడు.