అక్క ఉత్తరం, నా ఉపన్యాసం

నా గురించి గొప్పగా చెప్పుకునే కథలు నా దగ్గర చాలానే ఉన్నాయి. అడిగితే చెబుతాను, అడక్కపోయినా చెబుతాను. ఈ ఒక్కదాన్ని మాత్రం ఇన్నేళ్ళూ దాటవేస్తూ వచ్చాను. ఇది చెబితే నేనెలాంటిదాన్నో తెలిసిపోతుందని భయం.

మాది నంద్యాల. ఇంట్లో పొలాలూ ఎద్దులూ తప్ప చదువన్నది లేదు. మా ఇంటి ఆడవాళ్ళలో మొదట బడికి పోయింది నేనే, టీచరు ట్రైనింగు చేసిందీ నేనే. యాభై ఆరులో ఆళ్ళగడ్డలో ఆడపిల్లల బడికి వేశారు. అప్పుడు నాకు ఇరవై రెండేళ్ళు. లోకంలో చదువు నాతోనే మొదలైనంత పొగరు. సాయంత్రం బడి వదిలాక ఒక గంట పెద్ద ఆడవాళ్ళకు అక్షరాలు నేర్పాలని పైనుంచి ఉత్తర్వు వస్తే, వీధి వీధీ తిరిగి పదకొండు మందిని పోగుచేశాను. నెల తిరిగేసరికి ఒక్కరు మిగిలారు.

ఆ ఒక్కరూ బడి వెనక వీధిలో ఉండే దూదేకుల ఆమె. నలభై దాటిన మనిషి. ఇళ్ళకు పోయి పరుపులూ బొంతలూ కుట్టేది. ఎంత దులుపుకున్నా ఆమె జుట్టులో ఒకటో రెండో దూది పోగులు మిగిలే ఉండేవి. నేను అక్కా అనేదాన్ని, ఆమె టీచరమ్మా అనేది. ఒక్కరోజు కూడా మానలేదు. ఈ వయసులో ఇంత పట్టుదల దేనికని అడిగితే మొదట్లో నవ్వి ఊరుకునేది. కొన్నాళ్ళకు తనే చెప్పింది.

అప్పట్లో ఉత్తరమంటే కార్డే. చదువు రానివాళ్ళకు కార్డు వస్తే, టపా మనిషే వాళ్ళ గడప ముందు నిలబడి గట్టిగా చదివి వినిపించేవాడు. ఇరుగూ పొరుగూ పనులాపుకుని వచ్చి చేరేవాళ్ళు. అది తప్పని ఎవరికీ తోచేది కాదు. పైపెచ్చు శ్రమపడి చదివిపెట్టాడని ఆయనకు చల్లటి మజ్జిగ ఇచ్చేవాళ్ళు. అక్క భర్త పని వెతుక్కుంటూ బళ్ళారి పోయి, పత్తి మిల్లులో చేరాడు. ఏడాది తర్వాత ఆయన దగ్గర్నుంచి ఒక కార్డు వచ్చింది. తాను అక్కడ ఇంకొకామెతో కాపురం పెట్టాననీ, తన కోసం ఎదురుచూడొద్దనీ.

"ఆయప్ప సదవతానే ఉండాడు, నేను వింటానే ఉండా" అంది అక్క. "నాకు అర్థమయ్యేలోపల్నే పక్కింటామె నోరు నొక్కుకునింది. నా మొగుడు నన్ను ఇడిసిపెట్టిన సంగతి నాకంటే ముందు వీధికి తెలిసింది టీచరమ్మా. ఇంగ నా కాయితం ఇంకొకరు సదవగూడదు. అందుకే వస్తాండా."

ఆళ్ళగడ్డలోనే ఉండే ఆమె అన్నలిద్దరూ, వాడు ఈ ఊర్లో కాలుపెడితే కాళ్ళు విరగ్గొడతామని ఆరోజే ఒట్టు పెట్టుకున్నారట. అక్కను మాత్రం ఎవరూ ఏమీ అడగలేదట.

ఏడాదిన్నరలో ఆమె కూడబలుక్కోవడం మానేసి చదవడం మొదలుపెట్టింది. యాభై ఎనిమిది ఎండాకాలంలో ఒకరోజు, పాఠం అయిపోయాక, రవికలోంచి ఒక కాగితం తీసింది. బళ్ళారి నుంచి ఈసారి వచ్చింది కార్డు కాదు, అంటించిన కవరు. కాగితాన్ని బల్ల మీద పరిచి, పైన ఒక అరచెయ్యి, కింద ఒక అరచెయ్యి గట్టిగా ఆనించి, మధ్యలో ఒకే ఒక్క మాట నాకు కనిపించేలా పెట్టింది.

"ఈ ఒక్కటి రాలేదు. ఏందిది?"

"క్షమించు" అని చదివాను.

ఆమె కాగితం మడిచి లోపల పెట్టుకుంది. "రాసేది గూడా బేగా నేర్పు. జవాబు నేనే రాసుకోవాల" అంది.

"ఏమని రాస్తావక్కా?"

"ఇంకా తేల్చుకోలేదు. ఆలోచన చేస్తాండా. మా అన్నోళ్ళ చెవిన పడితే నన్ను అడగరు, వాళ్ళే తేల్చేస్తారు. నువ్వు గమ్మునుండు."

ఉంటానన్నాను. నెలన్నర ఉన్నాను కూడా.

అప్పుడే నంద్యాలలో వయోజన విద్య సభ పెట్టారు. ప్రతి టీచరూ ఒక విద్యార్థిని తెచ్చి చదివించాలన్నారు. అక్క రానంది. నాలుగు ముక్కలు చదివి దిగిపోవడమే కదా అని నేనే బతిమాలి ఒప్పించాను. పండగలకు కట్టే ఆకుపచ్చ చీర కట్టుకుంది. బస్సు శిరివెళ్ళ దాటేదాకా వాచకం ఒళ్ళో పెట్టుకుని పెదవులు కదుపుతూనే ఉంది.

హాలు నిండా జనం. మాకు ముందు గడివేముల నుంచి వచ్చిన టీచరు ఒక ముసలామెను తెచ్చింది. ఆమెకు వచ్చింది సంతకం ఒక్కటే. కానీ ఆ టీచరు, వేలిముద్ర వేసి వేసి ఆమె ఎన్ని అవమానాలు పడిందో గొంతు వణికించి చెప్పింది. హాలు హాలంతా చప్పట్లు. తర్వాత అక్క లేచి ఒక పేజీ మొత్తం తడుముకోకుండా చదివింది. నాలుగు చప్పట్లు పడ్డాయి, అవి కూడా ముందు వరుసలో.

నాకు కడుపు మండింది. మూడక్షరాలు గీసినామెకు అంత, పేజీ చదివినామెకు ఇంతేనా అనిపించింది. అక్క కోసం మండిందని చాలాకాలం నాకు నేనే చెప్పుకున్నాను. అబద్ధం. నా కోసమే మండింది. లేచి మైకు దగ్గరికి పోయాను.

అత్త సొమ్ము అల్లుడు దానం చేసినట్టు అంతా పంచిపెట్టాను. కార్డు, గడప ముందు జనం, పక్కింటామె నోరు నొక్కుకోవడం, ఏదీ వదల్లేదు. చివరికి ఆ రెండు అరచేతులూ, వాటి మధ్య మాటా కూడా చెప్పేశాను. "కాలదన్నిపోయిన భర్త ఈరోజు క్షమించమని రాశాడు, ఆ మాట ఈమె తన కళ్ళతో చదువుకుంది, చదువంటే ఇదీ" అన్నాను. ఉత్తరంలో మిగతా ఏముందో నాకు తెలియదు. తెలియనిది తెలిసినట్టే చెప్పాను. ఆడవాళ్ళు కళ్ళొత్తుకున్నారు, చప్పట్లు ఆగలేదు. మాట్లాడుతున్నంతసేపూ నేను జనాన్నే చూశాను. ఇటు తిరిగేసరికి అక్క ముఖం మీదికి కొంగు లాక్కుని కూర్చుని ఉంది. సంతోషంతో ఏడుస్తోందనుకున్నాను. నిజంగానే అలా అనుకున్నాను.

అంతటితో ఆగానా? తిరుగు బస్సులో "ఎట్ల మాట్లాడినానక్కా?" అని అడిగాను. ఆమె కిటికీ వైపు తిరిగి కూర్చుంది. ఆళ్ళగడ్డ వచ్చేదాకా ఇటు తిరగలేదు.

హాల్లో ఆళ్ళగడ్డవాళ్ళు కూడా ఉన్నారు. రెండు రోజులు తిరక్కుండానే అన్నల చెవిన పడింది. వాళ్ళు ఎవరిచేతో ఉత్తరం రాయించి బళ్ళారికి పంపేశారు, ఈ దిక్కుకు వస్తే ప్రాణాలతో పోవని. రాయించాక వచ్చి, పని అయిపోయిందని చెల్లెలికి చెప్పారట.

అక్క చదువుకు రావడం మానేసింది. పది రోజులు నేనూ పోలేదు, బింకం. పదకొండో రోజు పోయాను. పరుపు కుడుతోంది. రమ్మనలేదు, పొమ్మనలేదు. నేనే చాప మీద కూర్చున్నాను. "నువ్వు ఆయన్ని రమ్మనేదానివా అక్కా?" అన్నాను. అప్పుడు కూడా కథ ఏమవుతుందో తెలుసుకోవాలనే నా ఆత్రం.

"ఏమో. తేల్చుకోలేదని చెప్తి గదా. ఇంగ తేల్చుకునే పనే లేకపాయ" అంది.

"మంచికే చెప్పినానక్కా."

"ఎవురి మంచికి?" సూది గుచ్చి, దారం లాగి, మళ్ళీ గుచ్చింది. "టపా ఆయప్ప నాకు సదువు రాదని సదివినాడు. నాకు సదువొచ్చునని నీకు తెలుసు. నువ్వెందుకు సదివితివి?"

ఆమె నా జవాబు కోసం చూడలేదు. పరుపును అవతలి వైపుకు తిప్పుకుని, నాకు వీపు పెట్టి కుట్టుకోసాగింది. తర్వాత వీధిలో ఎదురుపడినా తలవంచుకుని పోయేది. తలవంచుకోవాల్సింది నేనని ఆమెకు చెప్పే ధైర్యం కూడా నాకు లేకపోయింది.

అరవైలో నంద్యాలకు బదిలీ చేయించుకున్నాను. ఆ ఏడే కొత్త టీచర్లకు తరగతులు పెడితే, మమ్మల్ని కూడా కూర్చోమన్నారు. ఎక్కడినుంచో వచ్చిన ఒక పెద్దాయన, చదువు జీవితాలను ఎలా మారుస్తుందో చెబుతానంటూ మొదలుపెట్టాడు. "ఆళ్ళగడ్డలో ఒక దూదేకుల ఆమె ఉండేది" అన్నాడు. కార్డు చెప్పాడు, కవరు చెప్పాడు. ఆ తర్వాత, భర్త తిరిగొచ్చి ఆమె కాళ్ళ మీద పడ్డాడనీ, ఆమె అతనికి కూడా అక్షరాలు నేర్పిందనీ, ఇద్దరూ చల్లగా కాపురం చేసుకుంటున్నారనీ చెప్పాడు.

లేచి నిలబడబోయానని రాస్తే బాగుంటుంది. కానీ కదల్లేదు. అక్క భర్త రాలేదనీ, రానివ్వలేదనీ, ఆమె ఆ జవాబు రాయనే లేదనీ ఆ గదిలో తెలిసింది నా ఒక్కదానికే. పక్కన కూర్చున్న కొత్త టీచరు పిల్ల కళ్ళు తుడుచుకుంటూ, "ఆ చదువు చెప్పినామె ఎవరో గానీ పుణ్యాత్మురాలక్కా" అంది. అందరూ చప్పట్లు కొడుతున్నారు. నేను కూడా కొట్టాను.