మే నెలలో వెనిస్ కాలువలు

ఉద్యోగం వచ్చిన కొత్తలో మనిషికి తెలియనిదంటూ ఏదీ ఉండదు. ఆ రోజుల్లో నేను కాలువల ఆఫీసులో జూనియర్ అసిస్టెంటుని, చేరి ఏడు నెలలు. వేసవి రాగానే నీళ్లు ఆపి కాలువలు కట్టేస్తున్నామని రైతులకు చెప్పే నోటీసు టైపు చేయడం నా పని. (టైపు చేయడం మాత్రమే. కానీ గోదారి నీళ్లు నా మాట మీదే ఆగుతున్నట్టు నడిచేవాణ్ణి.)

నరసాపురంలో మా మేనత్తని అందరూ లేసు అత్తయ్య అంటారు. పదేళ్ల వయసు నుంచీ లేసు అల్లుతోంది. ఆ ఏడు వాళ్ల లేసు సొసైటీ కొందరు ఆడవాళ్లని ఇటలీలో ఎగ్జిబిషన్‌కు పంపిస్తూ, చివర్లో రెండు రోజులు వెనిస్ చూపిస్తామంది. మేలో ఒక జట్టు, నవంబరులో ఒక జట్టు. అత్తయ్య పేరు మే జట్టులో వచ్చింది. అక్కడ ఓ దీవిలో ఆడవాళ్లు లేసు కుడతారని ఎవరో చెప్పారట. "వాళ్ల పనీ మన పనీ పక్కపక్కన పెట్టి చూడాలిరా" అని, పట్టుకెళ్లడానికి మూడు నెలలుగా చేతి రుమాలంత లేసు అల్లుతోంది. రెండు రోజుల్లో ఏమేం చూడాలో ఓ కాగితం మీద రాసిపెట్టమని నన్ను పిలిచింది. పెద్ద చర్చి, పడవ షికారు, లేసు దీవి అని దర్జాగా రాసి, అప్పుడడిగాను ఏ నెలలో ప్రయాణమని.

"మేలోరా."

పెన్ను కింద పెట్టేశాను. "మేలో వద్దత్తయ్యా. కాలవలు కట్టేస్తారు."

"ఆ దేశంలో కూడానా?"

"కాలవన్నాక కట్టరా? కట్టకపోతే పూడికెప్పుడు తీస్తారు? అంత దూరం వెళ్లి బురదా గుర్రపుడెక్కా చూసొస్తావా? నవంబరుకి మార్పించుకో. కాలవల ఆఫీసోణ్ణి, నాకు తెలీదా?"

చేతిలో ఫోనుంది. ఒక్క మాట కొట్టి చూస్తే సరిపోయేది. చూడలేదు. పాపం అత్తయ్య నన్ను నమ్మి తన చోటు ఆ సొసైటీలోనే ఉన్న ఎదురింటి ఆంటీకి ఇచ్చేసింది.

మే నెలలో ఓ ఆదివారం, చర్చి అయ్యాక అత్తయ్య ఇంట్లో చేపల పులుసుతో భోంచేస్తున్నాను. ఎదురింటి అమ్మాయి ఫోను పట్టుకుని పరిగెత్తుకొచ్చింది. "మమ్మీ పడవలో ఉందండీ, చూడండి!"

చూశాను. నీళ్లు గుమ్మాల దాకా ఉన్నాయి.

"వదినగారూ! ఇవి సముద్రపు నీళ్లంటండి, పన్నెండు నెలలూ ఇలాగే ఉంటాయంట!" అని ఆంటీ కేకలు. తర్వాత లేసు దీవి చూపించారు. ఒక ముసలావిడ సూదితో కుడుతోంది. అత్తయ్య ఫోను ముక్కు దాకా తెచ్చుకుని, ఆ చేతులనే చూస్తూ ఉండిపోయింది. నేను పళ్లెంలోకి వంగి ముల్లు తీస్తున్నట్టు నటించాను. ముల్లు ఎప్పుడో తీసేశాను. సిగ్గుతో చచ్చిపోయాననుకోండి.

"ఇంతకీ మీరెందుకు ఆగిపోయారండీ?" అంది ఆంటీ.

అత్తయ్య నా వైపైనా చూడకుండా, "మోకాళ్లండి. అంత నడవలేనేమోనని" అంది.

నవంబరు జట్టుకి పిలుపే రాలేదు. ఆ తర్వాత కూడా ఎప్పుడూ రాలేదు. అత్తయ్య ఆ లేసుని బీరువాలో పెట్టేసింది.

ఇది జరిగి ఆరేళ్లు. మొన్నామధ్య ధైర్యం చేసి అడిగాను, "ఆ రోజు నా పేరెందుకు చెప్పలేదత్తయ్యా?" అని.

"చెప్తే ఆవిడ నీకు పిల్లనిచ్చేదేంట్రా?" అంది, అల్లిక మీంచి తలెత్తకుండా. "కాలవల ఆఫీసులో ఉండి కాలవ సంగతి తెలీనోడని ఊరంతా చెప్పేది. నువ్వు ఆదివారం ఆదివారం మా ఇంటికి చేపల కోసమే వస్తున్నావనుకున్నానా?"

నిజమే. ఆ రోజు ఫోను పట్టుకొచ్చిన అమ్మాయే ఇప్పుడు మా ఆవిడ. ఎదురింటి ఆంటీ మా అత్తగారు. ఏ క్రిస్మస్‌కి కలిసినా ఆవిడ ఆ వెనిస్ ఫొటోలు బయటికి తీస్తారు. ఆ ఏడు నెలల ఉద్యోగస్థుణ్ణి తలుచుకుంటే ఇప్పుడు నాకు నవ్వొస్తుంది. ఇంతలో లేసు అత్తయ్య కళ్లజోడు సవరించుకుని, "వదినగారూ, ఆ ముసలావిడ చేతులు ఇంకోసారి చూపించండి" అంటుంది. నేను మంచినీళ్ల వంకతో వంటింట్లోకి వెళ్లిపోతాను.