పెదనాన్న రాసిన పదకొండు అధ్యాయాలు

పొద్దున్నే ఊరి అవతలి పేట మంగ్లా నుంచి మా తమ్ముడి కూతురు ఫోన్ చేసింది. కాలేజీలో ఇంటి చరిత్ర ఏదో రాసి తెమ్మన్నారట. "అత్తా, పెద్ద తాత సైట్ మే కుఛ్ హై హీ నహీ. అధ్యాయాల పేర్లున్నాయి, నొక్కితే ఖాళీ. మొదటినుంచీ అంతే. రాద్దామనుకుని వదిలేశారేమో, అడిగితే చిన్నబుచ్చుకుంటారని ఎవరం అడగలేదు," అంది. పదకొండు అధ్యాయాలూ రాశాడాయన.

మా పెదనాన్న రైల్వే లోకో షెడ్డులో ఫిట్టరు. రిటైరయ్యాక క్వార్టరు వదిలి, సదర్ బజార్ వెనక అద్దెకు దిగి, ఒంటి వేలితో తెలుగు టైపు చెయ్యడం మొదలుపెట్టాడు. వాళ్ల నాన్న శ్రీకాకుళం నుంచి వచ్చి ఈ హిందీ ఊళ్లో బండి దిగిన రోజు దగ్గర్నుంచి, క్వార్టరు ముందు ఎండుచేపలు ఆరేస్తే పక్కింటివాళ్లతో జరిగిన గొడవ దాకా అన్నీ రాశాడు. ఒక్క ఒత్తు కోసం పావుగంట వెతికేవాడు. సాయం చెయ్యబోతే "నువ్వుండవే" అని కసిరేవాడు. పక్కన టీ చల్లారిపోయేది, పెద్దమ్మ సణిగేది.

సైటు చేసింది నేనే. బ్యాంకులో కంప్యూటర్ల పని చేసేదాన్ని కదా, ఆ గొప్ప ఒకటి. అధ్యాయాల జాబితా ఒక ఎక్స్ఎమ్ఎల్ ఫైలు. ఏ అధ్యాయం కావాలన్నా 'పక్క ఫోల్డర్లో చూడు' అని అందులో ఉంటుంది. దేని పక్కన? జాబితా పక్కనా, ప్రోగ్రాము మొదలైన చోటు పక్కనా? పెదనాన్న కంప్యూటర్లో రెండూ ఒకచోటే గనక గొడవ లేకపోయింది. అందరికీ కనబడేలా సైటు పెట్టిన అద్దె సర్వర్లో ప్రోగ్రాము ఇంకెక్కణ్నుంచో మొదలై, లేని ఫోల్డర్లో వెతుక్కుని వట్టి చేతులతో వచ్చేది. ఎర్రగా ఇంగ్లీషులో తప్పు చూపిస్తే ఆయన కంగారు పడతాడని, ఫైలు దొరక్కపోతే నోరెత్తొద్దని ప్రోగ్రాములో రాసిపెట్టింది కూడా నేనే. ఎంత తెలివో చూడండి. సర్వర్లో మొదటి పేజీ తెరిచి, అధ్యాయాల పేర్లు వచ్చాయి కదా అని లేచి వచ్చేశాను.

ఆయనేమో ఎప్పుడూ తన కంప్యూటర్లోనే చూసుకునేవాడు. అందులో నిండుగా కనబడేది. ఆదివారం నేను వెళ్తే చాలు, "ఎవులైనా సదివినారేటమ్మా? ఒక్కలూ ఏటీ అన్నేదు," అనేవాడు. ఒకసారి విసుక్కున్నాను. "ఈ పిల్లలకి తెలుగు చదవడమే సరిగ్గా రాదు పెదనాన్నా, ఎవరు చదువుతారు?" అన్నాను. "అచ్ఛా," అన్నాడు. మళ్లీ అడగలేదు. పన్నెండోది మొదలుపెట్టనూ లేదు. రెండేళ్లు అలాగే ఉండి, కిందటి వానాకాలంలో పోయాడు.

ఇవాళ సరిచేశాను. జాబితా ఫైలు ఉన్న చోటు నుంచే దారి చూసుకోమని ఒక్క లైను, ఐదు నిమిషాల పని. పదకొండూ వచ్చేశాయి. ఇన్నాళ్లూ ఆ సర్వర్లోనే ఉన్నాయి. మేనకోడలికి చెబితే, తనకి గబగబా చదవడం రాదు, నన్నే చదివి వినిపించమంది. ఫోన్లో మొదటి అధ్యాయం చదివాను. రెండు చోట్ల పగలబడి నవ్వింది. "ఇంత బాగా రాశారా? తాత ఉండగా ఈ మాట ఆయనకి చెప్పి ఉండాల్సింది అత్తా," అంది. కాలం గడిస్తే అన్నీ మరుపున పడతాయంటారు. ఆయన ఎదురుచూసిన ఆ రెండేళ్లూ నాకు ఇవాళే మొదలయ్యాయి.