అడగని ఆఠీను

నర్సీపట్నం క్లబ్బులో పేకాటంటే రమ్మీయే. బ్రిడ్జి ఆడేది కిటికీ పక్క బల్ల దగ్గర, నలుగురే నలుగురు. ఒక్కరు తగ్గినా ఆట లేనట్టే. సుగర్ ఫ్యాక్టరీలో కేన్ ఇన్‌స్పెక్టరుగా చేసి రిటైరైన గణేశ్వరరావుకి ఈ ఏడాదంతా అదే బెంగ. తగ్గేలా ఉన్నది తన జోడీ తాతాజీ.

తాతాజీ డ్రాయింగు మాస్టారుగా చేసినవాడు. ఉద్యోగాల్లో ఉన్నప్పటినుంచీ ఇద్దరూ ఎదురెదురుగా కూర్చుని ఆడుతున్నారు. బ్రిడ్జిలో ముక్క వేసే ముందు వేలంపాట ఉంటుంది. చేతిలో ఏముందో జోడీకి చెప్పుకోవడానికి ఆ పాట తప్ప వేరే దారి లేదు. గణేశ్వరరావుకి రెండు రంగుల చెయ్యంటే ప్రాణం. ఇస్పేట్లు ఆరు, ఆఠీన్లు ఐదు, పెద్ద ముక్కలన్నీ తనవే. ముందు ఒక ఇస్పేటు పాడి, తర్వాత ఎగిరి మూడు ఆఠీన్లు పాడేవాడు. అంటే, 'రెండూ గట్టివే, నీకేది నప్పుతుందో చెప్పు' అని అడగడం. అలా అడిగాక జోడీ పాస్ అనకూడదు. ఆట నేర్చుకున్న కొత్తలోనే ఎవరికైనా అది ఒంటబడుతుంది.

పోయిన వేసవిలో తాతాజీ పాస్ అన్నాడు. ఆ తర్వాత ఇంకోసారి అన్నాడు. మరోరోజు ఆట మధ్యలో తురుపేదని అడిగాడు. ఎదుటి జట్టు పెదబాబుకి ఎరువుల షాపుంది, నోటికి తాళం లేదు.

"పెళ్లికెల్తూ పిల్లిని సంకనెట్టుకెల్తే ఇలాగే ఉంటాది గణేశ్వర్రావు గారూ. మాస్టార్ని మాన్పించీండి. మనం రమ్మీలో కూకుందాం" అన్నాడొకరోజు చాటుగా.

గణేశ్వరరావుకి ఒళ్లు మండింది. మండి, ఒక ఉపాయం పన్నాడు. జోడీని అడిగితే కదా జోడీ తప్పేది! అప్పటినుంచి రెండు రంగులొచ్చినా రెండోది మింగేసి, సరాసరి నాలుగు ఇస్పేట్లకి ఎక్కేసేవాడు. అప్పుడు తాతాజీ పాస్ అన్నా తప్పు లేదు. కొన్ని గెలిచాడు, కొన్ని పోగొట్టాడు. స్నేహితుణ్ణి కాపాడుతున్నానని లోలోపల కాస్త గర్వం కూడా పడ్డాడు. మేలు చేస్తున్నామనుకునేవాడికి ఎదుటివాడి మొహం చూసే తీరికుండదు.

మొన్న వాన పడుతున్న మధ్యాహ్నం మళ్లీ అదే పని చేశాడు. పాటయ్యాక, ఆటలో రివాజు ప్రకారం తాతాజీ తన ముక్కలన్నీ బల్ల మీద పరిచాడు. ఇస్పేటు ఒక్కటే. ఆఠీన్లు నాలుగు. ఆఠీనులో ఆడుంటే గెలిచే ఆట, ఇస్పేటులో పోయింది.

"ఒరే గణేశూ, ఆఠీన్లు నా దగ్గరున్నాయి. అడగలేదేటి?" అన్నాడు తాతాజీ.

"ఎందుకులే అని..."

"నాకు మరుపొచ్చిందని నాకు తెల్దేటి? ఇంటికాడ ఏ సొక్కా ఏసుకోవాలో మా యావిడ సత్యలక్ష్మే తీసిపెడతాది. ఏటి తింటావనడగరు, కంచంలో ఎట్టీడమే. ఆళ్ల తప్పు కాదులే. 'ఇదా, అదా, సెప్పు' అని నన్నడిగే సోటు ఇదొక్కటే మిగిలింది. నువ్వూ మానేసినావు."

గణేశ్వరరావు బల్ల మీది ముక్కలు పోగుచేశాడు. ఇన్నాళ్లూ తాను కాపాడింది కుర్చీని, అందులో కూర్చున్న మనిషిని కాదు.

ఆ పూట చివర్లో మళ్లీ రెండు రంగులొచ్చాయి. ఈసారి మూడు ఆఠీన్లు పాడాడు. తాతాజీ ముక్కలు చూసుకున్నాడు, పెదవులు కదిపాడు. చాలాసేపటికి "పాస్" అన్నాడు. చేతిలో ఆఠీను రాజు, రాణి ఉన్నాయి. పెద్ద ఆట చేజారింది.

"తప్పేనా?"

"తప్పే" అన్నాడు గణేశ్వరరావు. ఈసారి దాచలేదు. "అయినా మళ్లీ అడుగుతాను."

"అయితే మీరే ఆడుకోండి" అని పెదబాబు తన జోడీని లేపుకుని రమ్మీ బల్ల వైపు వెళ్లిపోయాడు.

కిటికీ పక్కన రెండు కుర్చీలు ఖాళీ అయ్యాయి. గణేశ్వరరావుకి ఏడుపొచ్చినంత పనయింది.

"ఇప్పుడేటి సేద్దాం గణేశూ?" అన్నాడు తాతాజీ.

ఇంటికి పోదాం పద అనబోయి ఆగాడు గణేశ్వరరావు.

"నువ్వు సెప్పు" అన్నాడు. అని, తాతాజీ ఆలోచించుకున్నంతసేపూ కదలకుండా కూర్చున్నాడు.