ఆరో ఆటకు ఆదిలాబాద్

శుక్రవారం పొద్దున తొమ్మిదిన్నరకు నేను కరీంనగర్ శివారులోని ఒక డిగ్రీ కాలేజీ మైదానం చేరేసరికి, పద్నాలుగు మంది కుర్రాళ్లు గోల్ పోస్టు నీడలో సంచులు పెట్టుకుని కూర్చున్నారు. ఆ నీడ సన్నగా ఉంటుంది కాబట్టి ఒకరి వెనక ఒకరు, వరసగా.

నేను ముప్పై ఏళ్లు పత్రికలో జిల్లా పేజీ చూసినవాణ్ణి. ఓడిన జట్టుకు ఆ పేజీలో రెండు వాక్యాలు ఇచ్చేవాళ్లం. చోటు చాలకపోతే అందులో ఒకటి కత్తిరించేవాణ్ణి. ఈ కాలేజీ వ్యాయామ అధ్యాపకుడు రాజమల్లు అప్పట్లో స్కోర్లు చీటీ మీద రాసుకుని ఆఫీసుకు సైకిల్ మీద వచ్చేవాడు. పది రోజుల క్రితం ఫోన్ చేశాడు. "ఏడు కాలేజీల లీగ్ సార్. ఐదాటలు ఆడినం, ఐదూ ఓడినం. ఆరోది ఆదిలాబాద్ల. మీరెట్లాగు ఖాళీగనే ఉన్నరు గద, మాతోని రారాదా?" ఓడిన జట్టుతో ఎప్పుడూ ప్రయాణం చేయలేదు. సరేనన్నాను.

ఆ పోస్టుకు ఎదురుగా నిలబడి చూస్తే మైదానంలో కుడి అంచు పొడవునా వడ్లే. కోతలు మొదలైనప్పటి నుంచి కొనుగోలు కేంద్రం వాళ్లు అక్కడే పోయిస్తున్నారట. లచ్చవ్వ అనే పెద్దావిడ చీర చెంగు దోపుకుని, కాళ్లతో వడ్లలో సాళ్లు తీస్తూ అటూ ఇటూ నడుస్తోంది. కాంటా కోసం పన్నెండు రోజులుగా కాచుకుని ఉంది. ఎవరో ఆడిస్తున్న బంతి దొర్లి వెళ్లి ఆ వడ్లలో ఆగింది.

"ఇంకోపారి అచ్చిందంటె కత్తితోని కోస్త సూడు నీ బంతిని," అంది లచ్చవ్వ, నడక ఆపకుండానే.

కెప్టెన్ శాంతరాజు లేచాడు. ఒడ్డున బూట్లు విప్పి, మేజోళ్లు కూడా విప్పి, సాళ్ల మధ్య మునివేళ్ల మీద వెళ్లి బంతి తెచ్చాడు. వస్తూ కాలికంటిన గింజల్ని మళ్లీ కుప్పలోకి దులిపాడు. ఇదంతా రోజూ చేసే పనిలా ఉంది.

"ఆదిలాబాద్ పోతున్నం అవ్వా," అన్నాడు.

"పోయి రాపో. ఓడినా జల్ది రాండ్రి, బస్తాలెత్త మనుషుల్లేరు."

పదిన్నరకు బస్సు. ఈ దారిన వెళ్లదలచుకున్నవాళ్లు రైలు మీద ఆశ పెట్టుకోవద్దు. ఆదిలాబాద్‌కు రైలుంది కానీ అది మహారాష్ట్ర చుట్టి వస్తుంది. బస్సు చొప్పదండి, ధర్మారం మీదుగా పోయి రాయపట్నం దగ్గర గోదావరి దాటుతుంది. అక్కడినుంచి లక్షెట్టిపేట, జన్నారం, ఉట్నూర్, ఇంద్రవెల్లి. అన్నీ కలిపి ఐదున్నర గంటలు. ఆడవాళ్లకు టికెట్ లేదు కనుక సీట్ల కోసం కాస్త ముందే రావడం మంచిది. మా జట్టులో సగం మంది ధర్మారం దాకా నిలబడే వచ్చారు.

ధర్మారంలో సీటు దొరికాక రాజమల్లు జేబులోంచి మడిచిన కాగితం తీసి నా చేతికిచ్చాడు. ప్రిన్సిపాల్‌కు ఉత్తరం. వచ్చే విద్యా సంవత్సరం నుంచి ఫుట్‌బాల్ జట్టును కొనసాగించడం సాధ్యం కాదని, ఆ సామాను ఖర్చును కబడ్డీకి మళ్లించవచ్చని రాసి సంతకం చేశాడు.

"మేడం నాకే ఇడిశిపెట్టింది సార్. ఉంచుదమా, తీసేద్దమా, సోమారం వరకు రాసియ్యమన్నది."

"రాసేశారు కదా."

"తారీకు ఏయలే. రేపు ఆట అయినంక ఏస్త."

"గెలిస్తే?"

"ఐదాటల్ల మనమేసింది ఒక్క గోలు. అదన్న మనోడు ఏసిండా అంటె, అవతలోడు ఎన్కకు మర్రి తన గోల్ల తనే కొట్టుకున్నడు." కాగితం మడిచి మళ్లీ జేబులో పెట్టుకున్నాడు. "నవ్వుతున్నరు సార్ పోరగాళ్లను. క్యాంటీన్ల చాయ్ తాగుతుంటె ఎన్క నుంచి స్కోర్ అడుగుతున్నరు. ఇంకెన్ని రోజులు నవ్విపియ్యాలె?"

శాంతరాజు గురించి అడిగాను. "మంచోడే. కుడి దిక్కు ఆడుతడు. గని ఆటల ఉన్నడా లేడా తెల్వది. బంతి అందుకున్నదే లేదు."

గోదావరి దాటాక ఆ కుర్రాడి పక్క సీటు ఖాళీ అయితే అక్కడికి మారాను. రెండో సంవత్సరం చదువుతున్నాడు. మిషన్ చర్చి కుటుంబం, తండ్రి తాపీ మేస్త్రి.

"సార్ కాగితం సూపెట్టిండా?" అని వాడే అడిగాడు.

చూపించాడన్నాను.

"తీసెయ్యద్దు సార్ అని చెప్పుదమనుకున్న. ఐదు ఓడి ఏం మొఖం పెట్టుకొని చెప్పాలె. నాకింక ఒక్క యేడే ఉన్నది." అని కిటికీ వైపు తిరిగాడు.

జన్నారంలో ఒకావిడ ఎక్కింది. ఆశ్రమ పాఠశాలలో వంట చేస్తుందట. కుర్రాళ్ల చొక్కాల మీద నంబర్లు చూసి, "గెలిచి వస్తున్రా, ఆడ పోతున్రా?" అంది.

"ఆడ పోతున్నం అక్కా," అన్నాడు గోల్‌కీపర్ భూమేశ్.

"అయితె ఇంకా ఓడలే. మంచిదే."

"ఐదు ఓడినమక్కా."

"ఐదోడి ఆరోదానికి గింత దూరం పోతున్నరా? మా ఆయన ఒక్కపారి సర్పంచ్‌గ ఓడి మూడేండ్లు బయిటికి రాలే."

బస్సంతా నవ్వింది. ఆ రోజు కుర్రాళ్లు నవ్వడం నేను మొదటిసారి చూశాను. అక్కడినుంచి అడవి. టేకు ఆకులు పండి దారికి రెండు పక్కలా రాలుతున్నాయి. రెండుంబావుకు ఉట్నూర్. బస్టాండ్ ఎదురుగా అన్నం, పప్పు, వంకాయ కూర దొరికాయి. డ్రైవర్ కూడా అక్కడే తింటాడు కాబట్టి తొందర పడనక్కర్లేదు.

నాలుగు దాటాక ఆదిలాబాద్. శాంతరాజు చిన్నమ్మ తమ చర్చి ఆవరణలో హాలు ఇప్పించింది. ఆమె జొన్న రొట్టెలు చేసి పంపింది. చాపలు, దుప్పట్లు అక్కడే ఉన్నాయి. ఐదున్నరకే చలి మొదలైంది. నవంబరులో ఇక్కడికి వచ్చేవాళ్లు స్వెట్టర్ మరిచిపోతే నాలాగే దుప్పటి కప్పుకుని తిరగాలి.

శనివారం ఎనిమిదికి ఆట. మంచు ఇంకా విడలేదు. అవతలి గోల్ పోస్టు కనిపించడానికి పావుగంట ఆగాల్సి వచ్చింది. మైదానం గీత పక్కనే గంగూబాయి అనే ఆవిడ చాయ్ బండి, దాని ముందు ఒక బల్ల. ఏళ్ల తరబడి అక్కడే అమ్ముతోందట, ఇక్కడ జరిగిన ఆటలన్నీ చూసి ఉంటుంది. నేను, రాజమల్లు, మరో నలుగురు ఆ బల్ల మీద సర్దుకున్నాం.

మొదటి సగంలో మా మీద రెండు గోల్స్ పడ్డాయి. భూమేశ్ మరో మూడు ఆపాడు. మనవాళ్లు పరిగెత్తకపోవడం లేదు. అందరూ మధ్యలోనూ ఎడమవైపూ గుంపుగా పరిగెత్తుతున్నారు, అవతలి వాళ్లు అక్కడే గోడలా నిలబడి లాగేసుకుంటున్నారు. తిరుపతి అనే కుర్రాడు మధ్య నుంచి రెండుసార్లు చక్కగా ముందుకు వచ్చాడు. రెండుసార్లూ ఎడమకే తిరిగాడు.

గంగూబాయి గ్లాసులు కడుగుతూ చూస్తోంది.

"సాబ్, గీళ్లు మీ పోరలేనా?"

"మా వాళ్లే," అన్నాడు రాజమల్లు.

"గా దిక్కు ఒక్కడు పోతలేడేంది బాబా? ఆడ సోయ గింజలు గిట్ట ఆరబోసిన్రా, తొక్కద్దని?"

బల్ల మీద వాళ్లంతా నవ్వారు. నేనూ నవ్వాను. రాజమల్లు నవ్వలేదు. చాయ్ గ్లాసు నోటి దాకా తీసుకెళ్లి అక్కడే ఆపాడు. కాసేపటికి గ్లాసు కింద పెట్టి నన్నడిగాడు. "సార్, మన గ్రౌండ్ల వడ్లు ఏ దిక్కున్నయి?"

ముందు రోజు శాంతరాజు మేజోళ్లు విప్పి మునివేళ్ల మీద నడవడం అప్పుడు గుర్తొచ్చింది. ఇద్దరం మైదానం కేసి చూశాం. ఎదుటి గోల్ వైపు పోతున్నప్పుడల్లా శాంతరాజు గీతకు పది పన్నెండు అడుగులు ఇవతలే ఆగి, లోపలికి తిరిగి వస్తున్నాడు. ప్రతిసారీ దాదాపు అదే చోట.

విరామంలో కుర్రాళ్లు గ్లూకోజ్ నీళ్లు తాగుతుంటే రాజమల్లు శాంతరాజును చెయ్యి పట్టుకుని వాడు ఆగే చోటికి తీసుకెళ్లాడు. బూటు మడమతో నేల మీద గీత గీశాడు.

"నువ్వు గీడ ఆగుతున్నవ్. ఎందుకాగుతున్నవ్?"

"ఆగుతలేను సార్. బయిటి గీత కాడిదాక పోతున్న."

"అరే, బయిటి గీత అదిగో. ఈడ వడ్లు లేవురా."

ముందు ఎవరికీ అర్థం కాలేదు. భూమేశ్ మొదట నవ్వాడు, తర్వాత తిరుపతి. శాంతరాజు ఆ మడమ గీతనూ, అవతలి సున్నం గీతనూ మార్చి మార్చి చూశాడు. నవ్వలేదు.

"నేను సరిగ్గ ఆడుతలేననుకున్న సార్," అన్నాడు మెల్లగా.

"నేనూ గట్లనే అనుకున్న," అన్నాడు రాజమల్లు. "నన్ను తిట్టాలె ముందుగాల."

తెలిసినంత మాత్రాన కాళ్లు వినవు. రెండో సగంలో తిరుపతి మూడుసార్లు కుడివైపు చూశాడు. మూడుసార్లూ బంతిని ఎడమకే కొట్టాడు. రాజమల్లు గీత వెంట పరిగెడుతూ అరవడం మొదలుపెట్టాడు. "వడ్లు లేవురా! కొట్టు!" అవతలి జట్టు కుర్రాళ్లు అయోమయంగా చూశారు. ఇదేదో రహస్య సంకేతమనుకుని వాళ్ల అధ్యాపకుడు ఇద్దరిని వెనక్కి కూడా పిలిచాడు.

నాలుగోసారి తిరుపతి కళ్లు మూసుకుని కొట్టినట్టు కొట్టాడు. బంతి శాంతరాజును దాటి గీత అంచుకు పోయింది. ఆ పన్నెండు అడుగుల్లోకి అడుగు పెట్టేటప్పుడు వాడు ఒక్క క్షణం మునివేళ్ల మీదికి లేచాడు, నేను చూశాను. తర్వాత పూర్తి పాదంతో పరిగెత్తాడు. అటువైపు ఆపేవాళ్లే లేరు. మూల దాకా పోయి బంతిని గోల్ ముందుకు వేశాడు. తిరుపతి తలతో తోశాడు.

ఆ తర్వాత ఇరవై నిమిషాలు మంచి ఆట జరిగింది. శాంతరాజు కొట్టిన బంతి ఒకటి పోస్టుకు తగిలి బయటికి పోయింది. ఈల వేసేసరికి రెండు–ఒకటి. ఓడిపోయారు.

చాయ్ డబ్బులు ఇవ్వబోతే గంగూబాయి మైదానం వైపు చూస్తూ అంది. "ఓడితె ఓడిన్రు గని, సోయ ఎత్తిన్రు సాబ్."

పదకొండుంబావు బస్సుకు తిరుగు ప్రయాణం. ఆరింటికి ఆరు ఓడిన లెక్క మారలేదు. ఇంద్రవెల్లి వచ్చేలోగా సగం మంది నిద్రపోయారు. ఉట్నూర్ దాటాక రాజమల్లు నా వైపు తిరిగాడు.

"కాగితం ఉన్నదా సార్?"

నా నోటుబుక్కు పైన సంచిలో ఉంది. లేచి, సంచి దించి, బట్టల కింద నుంచి దాన్ని తీసేలోగా అతను జేబులోంచి ఆ మడిచిన కాగితం తీసి, తిప్పి, మోకాలి మీద పెట్టుకుని మైదానం బొమ్మ గీసేశాడు. అటు గోల్ పోస్టు, ఇటు గోల్ పోస్టు, ఒక పక్కన చుక్కలతో వడ్లు. నోటుబుక్కు మళ్లీ సంచిలో పెట్టాను.

"శాంతరాజూ, గిట్రా. ప్రాక్టీసుల మనం ఎప్పుడు గీ పోస్టుకే ఆడుతున్నం. ఆ పోస్టుకు ఆడితె వడ్లు ఎడమ దిక్కు అవుతయి."

వెనక సీట్లోంచి భూమేశ్ తల పెట్టాడు. "అప్పుడు ఎడమ దిక్కు పోరు సార్."

"అందుకే వారం గిటు, వారం గటు. ఇగ ఎండకాలం యాసంగి వడ్లు వచ్చెటాల్లకు..." అని బాణం గుర్తులు వేస్తూ పోయాడు. శాంతరాజు పెన్ను తీసుకుని ఒక బాణాన్ని గీత దాకా పొడిగించాడు. కాగితం పల్చనిది. అవతలి పక్కనున్న సంతకం ఆ బొమ్మలోంచి తిరగబడి కనిపిస్తోంది. తారీకు చోటు ఖాళీగానే ఉంది.

నేను డెస్కులో ఉంటే ఈ ప్రయాణం మొత్తాన్ని రెండు–ఒకటి అని వేసేవాణ్ణి. అందులో తప్పేమీ ఉండేది కాదు.

నాలుగింటికి చొప్పదండి దగ్గర పడింది. రోడ్డు మీద ఎడమ సగమంతా అర కిలోమీటరు పొడవున వడ్లు ఆరబోసి, అంచున రాళ్లు పేర్చారు. డ్రైవర్ వేగం తగ్గించి, బస్సును కుడివైపుకు తీసి, ఒక్క గింజ మీద కూడా చక్రం పడకుండా మెల్లగా పోనిచ్చాడు. ఎదురుగా వచ్చే లారీ ఆగి దారిచ్చింది. బస్సులో ఎవరూ తలెత్తి చూడలేదు. శాంతరాజు ఒక్కడు కాగితం మీద నుంచి తల తిప్పి, వడ్లు అయిపోయేదాకా కిటికీలోంచి చూశాడు.